కప్‌బోర్డు హ్యాండిళ్లు కొనేముందు ఇంట్లో వాళ్ల చేతులు చూడండి

మా అత్తయ్య అల్మరా సొరుగుకు ఒక చీర అంచు పీలిక కట్టి ఉండేది. అది ఎందుకు కట్టారో చాలాకాలం నాకు తట్టలేదు. తాళాల గుత్తి తగిలించుకోవడానికేమో అనుకున్నాను. ఒకరోజు మాత్రల డబ్బా తీసుకోవడానికి ఆవిడ ఆ పీలికను మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని లాగడం చూశాను. ఆ సొరుగుకు నేనే ఏరికోరి పెట్టించిన ఇత్తడి నాబ్ ఉంది. ఉసిరికాయంత గుండ్రంగా, నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. కీళ్లవాతంతో వంకర్లు పోయిన ఆ వేళ్లకు అది చిక్కేది కాదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి బిగించి పట్టే బలం ఆ చేతిలో లేదు. ఏడాదిపాటు ఆవిడ నాతో ఒక్క మాట అనలేదు. పాత నేత చీర అంచు చింపి కట్టుకున్నారు, అంతే.

ఆ సాయంత్రమే మేస్త్రిని పిలిపించి నాబ్ తీయించి, నాలుగు వేళ్లూ లోపలికి దూరే హ్యాండిల్ వేయించాను. అది 2019 నాటి మాట. ఆ తర్వాత గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మిగతా గదులకు, విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంటికి, పటమటలో మా అమ్మాయి ఫ్లాటుకు హ్యాండిళ్లు నేనే దగ్గరుండి ఎంచాను. ఇల్లు చేయించుకునేవారు ప్లైవుడ్ దగ్గర, సన్‌మైకా రంగు దగ్గర వారాల తరబడి ఆలోచిస్తారు. హ్యాండిళ్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. మేస్త్రి నాలుగు నమూనాలు చూపిస్తే ఒకదాని మీద వేలుపెట్టి ‘ఇదే కానివ్వండి’ అంటారు. ఆ తలుపును మనం రోజూ ముట్టుకునేది అక్కడొక్క చోటే. అందుకే ఈ నాలుగు సంగతులూ వివరంగా రాస్తున్నాను.

దుకాణానికి వెళ్లకముందు ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి తలుపు ముందు, ప్రతి సొరుగు ముందు ఆగి మూడు సంగతులు రాసుకోండి: దాన్ని ఎక్కువగా తీసేది ఎవరు, తీసే సమయానికి ఆ చెయ్యి ఎలా ఉంటుంది, రోజుకు ఎన్నిసార్లు తీస్తారు. మా వంటింటి పేజీలో ఇలా ఉంది: ‘పోపుల డబ్బా సొరుగు: నేను, తడి చెయ్యి, ఇరవైసార్లు. సింకు కింద తలుపు: ఎవరైనా, సబ్బు చెయ్యి, ఐదారుసార్లు. అటక తలుపులు: సంక్రాంతికి ఒకసారి.’ అటకకు మామూలు హ్యాండిల్ చాలని, పోపుల సొరుగు దగ్గర పిసినారితనం పనికిరాదని ఆ పేజీయే చెప్పింది. పనిలో పనిగా ఎన్ని కావాలో కూడా లెక్క తేలుతుంది. మా వంటింట్లోనే 22 తేలాయి. ఒక్కోదాని మీద వంద రూపాయలు ఎక్కువ పెడితే 2,200 అవుతుంది. ఈ లెక్క ముందే చేతిలో ఉంటే దుకాణంలో తడబడనక్కర్లేదు.

ముందుగా వంటిల్లు. మా ప్రాంతపు వంటింట్లో తడి చెయ్యి, నూనె చెయ్యి, పిండి చెయ్యితో పాటు కారం చెయ్యి ఒకటుంటుంది. ఆవకాయ కలిపే రోజు గుర్తుచేసుకోండి. మణికట్టు దాకా కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె. జాడీకి వాసెన కట్టే గుడ్డ సొరుగులోనే ఉండిపోయిందని సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది. వంపు హ్యాండిల్ అయితే చిటికెనవేలు తగిలించి లాగవచ్చు, మోచేత్తో కూడా తెరవవచ్చు. నాబ్ అయితే వేళ్లన్నీ వేసి పట్టుకోవలసిందే. ఆ కారం నాబ్ మెడ చుట్టూ, అది తలుపుకు ఆనుకునే సన్నని సందులో చేరి కూర్చుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయినట్టు కనిపిస్తుంది కానీ పోదు. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఒక వేసవిలో నేను మధ్యాహ్నం తుడిచిన నాబ్‌ను సాయంత్రం మా మనవడు పట్టుకుని, అదే చేత్తో కళ్లు నులుముకున్నాడు. వాడు నిద్రపోయేదాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి ముందు నూనె గుడ్డతో, తర్వాత సబ్బు నీళ్లతో తుడుస్తున్నాను. వంటింట్లో నాబ్‌లు మాత్రం ఒక్కటీ ఉంచలేదు.

వంటింటికి నేను చెప్పేది రెండు కొసలూ తలుపులోకి వంగి ఉండే హ్యాండిల్. ఆంగ్ల అక్షరం ‘డి’ ఆకారంలో ఉంటుంది కాబట్టి దుకాణాల్లో డి హ్యాండిల్ అనే అంటారు. కడ్డీ కొసలు రెండువైపులా బయటికి పొడుచుకు వచ్చే రకం కూడా బాగా అమ్ముడుపోతుంది. చూడటానికి తీరుగా ఉన్నా దాని కొసకు పైట కొంగు, చున్నీ, చొక్కా జేబు తగులుకుంటాయి. పొయ్యి మీది గిన్నె దించి పక్కకు తిరిగేటప్పుడు కొంగు తగులుకుందంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నడుము ఎత్తులోనూ, అంతకు కిందా ఉండే తలుపులకు ఆ రకం వేయించకండి. పైన గోడ అరలకైతే ఫరవాలేదు. నగిషీలు, గాడులు ఉన్నవి వంటింటికి వద్దు. నూనె జిడ్డు, శనగపిండి వాటిలో చేరి గట్టిపడితే పళ్లు తోముకునే బ్రష్షు పెట్టి తోమాలి. హ్యాండిల్ అసలే లేకుండా తలుపు పైఅంచున పొడవునా అల్యూమినియం గాడి పెట్టే పద్ధతి ఈమధ్య ఫ్లాట్లలో ఎక్కువగా చూస్తున్నాను. మా అమ్మాయి అదే కావాలంది. పొయ్యికి ఇరువైపులా గాడిలోకి పిండి, పోపు గింజలు రాలుతున్నాయని ఆరు నెలలకే తనే చెప్పింది. వంట తక్కువగా చేసే ఇంట్లో అది శుభ్రంగానే ఉంటుంది.

మసి నలుపు రంగు మీద మనసుపడేవారికి ఒక మాట. దాని మీద పసుపు మరక కనిపించదు. కానీ బియ్యప్పిండి వేలిముద్రలు, బోరు నీళ్ల ఉప్పు మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గీతలు గీతలుగా రుద్దిన స్టీలు అన్నింటినీ దాచుకుంటుంది. మా ఇంట్లో అదే వేయించాను.

ఇక లోహం సంగతి. హ్యాండిల్ చేతిలోకి తీసుకోగానే అందరూ బరువు చూస్తారు. బరువుంటే గట్టిదని నమ్మకం. దుకాణాల్లో వైట్ మెటల్ అని పిలిచేది జింకు మిశ్రమం, అచ్చులో పోసి తయారుచేస్తారు. చేతికి బరువుగానే తగులుతుంది. దాని పైపూత పోతే మాత్రం లోపల సరుకు తడికి నిలవదు. బోలు గొట్టంతో చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు హ్యాండిల్ తేలిగ్గా ఉండి కూడా ఏళ్ల తరబడి మన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే కింది అరల చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. హాల్లోని బంగారు రంగు జింకు హ్యాండిళ్ల మీద బొబ్బలు లేచి, గోటితో గీస్తే పూత పెచ్చులుగా ఊడివచ్చింది. వంటింట్లోని 304 రకం స్టీలు హ్యాండిళ్లను ఇద్దరమూ వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ విప్పి, బురద కడిగి, సబ్బు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాం. ‘అక్కా, ఇవొక్కటే మిగిలాయి’ అంది చెల్లెలు. కొత్త తలుపులకు ఇప్పుడు ఉన్నవి అవే.

304 అనేది స్టీలు రకానికి గుర్తు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. ధర తక్కువ, తుప్పు మరకలు త్వరగా వస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని దుకాణదారు చెబితే నమ్మకండి. ఈ రెండు రకాలూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు. కాబట్టి 304 అని బిల్లు మీద రాయించుకోండి. పెట్టె మీద, హ్యాండిల్ వెనక ముద్ర ఉందేమో చూడండి. అయస్కాంతం పనికొచ్చేది ఇనుము మీద ఇత్తడి పూత పూసినదాన్ని పట్టుకోవడానికి. అసలు ఇత్తడికి అది అంటుకోదు. అయితే జింకుకూ అంటుకోదు కాబట్టి ఇంకో పరీక్ష ఉంది. హ్యాండిల్‌ను తిరగేసి స్క్రూ ఎక్కే రంధ్రం లోపలి మరలు వెలుతురులో చూడండి. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, బూడిద రంగులో ఉంటే జింకు. పూత అక్కడిదాకా సరిగా చేరదు. నేను బ్యాగులో చిన్న టార్చి పెట్టుకుని వెళ్తాను.

కొలతల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హ్యాండిల్ పొడవు వేరు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం వేరు. మీకు కావలసింది రెండోది. ఇవి 32 మిల్లీమీటర్ల ఎక్కం చదివినట్టు వస్తాయి: 64, 96, 128, 160, 192, 224, 256. దుకాణంలో మాత్రం ‘నాలుగు అంగుళాలది, ఆరు అంగుళాలది’ అని అడుగుతారు, అలాగే ఇస్తారు. నాలుగు అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాలదని చేతికిచ్చేది చాలాసార్లు 96ది. పాత రంధ్రాలకు కొత్త హ్యాండిల్ వేయబోయినప్పుడు ఆ ఐదారు మిల్లీమీటర్ల తేడాతో పనంతా ఆగిపోతుంది. పాతది ఒకటి విప్పి వెంట తీసుకువెళ్లడం అన్నిటికన్నా మంచిది. సరిపోయేది దొరకకపోతే వెనక రేకు ఉన్న హ్యాండిల్ తీసుకోండి, పాత రంధ్రాలు దాని కింద దాగిపోతాయి. రేకు ఇష్టం లేకపోతే ఆ చెక్క రంపపుపొట్టునే ఫెవికాల్‌లో కలిపి రంధ్రం నింపి, ఒక రోజు ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది రంగు వేయాలి. సన్‌మైకా మీద మాత్రం ఎంత చేసినా మచ్చ తెలుస్తూనే ఉంటుంది.

సొరుగు వెడల్పులో మూడోవంతు పొడవున్న హ్యాండిల్ కంటికీ చేతికీ సరిపోతుంది. రెండడుగులు దాటిన సొరుగుకు మధ్యలో చిన్న నాబ్ ఒకటే పెడితే లాగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. రోజూ అలా లాగితే సొరుగు జారే లోపలి పట్టీ, అంటే ఛానల్, అరుగుతుంది. పొడవాటి హ్యాండిల్ ఒకటి వేయండి, లేదా రెండు పెట్టండి. ఇంకో కొలత వేళ్ల సందు. హ్యాండిల్‌కూ తలుపుకూ మధ్య అంగుళానికి తక్కువ ఖాళీ ఉంటే గోళ్లు తలుపుకు రాసుకుంటాయి. ఇంట్లో అందరికన్నా లావు వేళ్లున్నవారిని దుకాణానికి వెంట తీసుకువెళ్లండి. మంచినీళ్ల సీసాలో నీళ్లు కాసిని చేతి మీద పోసుకుని నమూనా పలక మీది హ్యాండిల్‌ను పట్టి లాగండి. జారేది ఏదో, నిలిచేది ఏదో క్షణంలో తెలుస్తుంది. దుకాణదారులు ఏమీ అనుకోరు.

మూలలో రెండు వరుసలు కలిసే వంటిళ్లలో మరో చిక్కు ఉంది. ఒక వైపు సొరుగు లాగితే రెండో వైపు తలుపు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. అక్కడ మేస్త్రి మూలలో రెండంగుళాల పట్టీ వదలాలి. చెక్క కోయకముందే హ్యాండిల్ ఎంత బయటికి వస్తుందో ఆయనకు చెప్పాలి. అంటే హ్యాండిల్ ఎంపిక పని మొదట్లోనే జరగాలి.

పెద్దవాళ్ల గదికి నాది ఒకటే పరీక్ష. పిడికిలి బిగించి, వేళ్లు ముడుచుకునే ఉంచి ఆ తలుపును తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకుంటే ఆ హ్యాండిల్ వారికి పనికొస్తుంది. కంటి శుక్లాలున్నవారికి రంగు తేడా కూడా సాయపడుతుంది. లేత రంగు తలుపుకు ముదురు హ్యాండిల్ వేస్తే మసక వెలుతురులో చెయ్యి నేరుగా దాని మీదికే వెళ్తుంది. అత్తయ్య అల్మరాకు తెల్లటి సన్‌మైకా మీద ముదురు గోధుమరంగువి వేయించాం. అర్ధరాత్రి మాత్ర కోసం లేచినా దీపం వేయనక్కర్లేదని ఆవిడే చెప్పారు. సొరుగుల వరుసలో వారు తరచూ వాడేవి మోకాలికి పైన, భుజానికి కింద ఉండేలా చూడండి.

బట్టల బీరువా తలుపు ఏడడుగులుంటుంది. దానికి నాలుగంగుళాల హ్యాండిల్ చాలదు, చూడటానికీ వెలితిగా ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలది వేసి, మధ్యభాగం మోచేతి ఎత్తుకు వచ్చేలా పెట్టించండి. పక్కకు జరిగే తలుపులైతే బయటికి పొడుచుకొచ్చే హ్యాండిల్ అసలే కుదరదు. ఒక రెక్క మరో రెక్క వెనకకు పోవాలి కాబట్టి చెక్కలోకి దిగి ఉండే రకమే వేయాలి.

దేవుడి గదికి ఇత్తడే. అందులో నాకు రెండో మాట లేదు. చిన్న సొరుగుల్లో వత్తులు, కర్పూరం, అగరువత్తులే ఉంటాయి, లాగడానికి బలం అక్కర్లేదు కాబట్టి అక్కడ నాబ్ కూడా అందంగా ఒదుగుతుంది. కొనేటప్పుడు పైన వార్నిష్ పూత ఉందో లేదో అడగండి. పూత లేని ఇత్తడి దీపం పొగకు, పసుపు కుంకుమ చేతులకు నల్లబడుతుంది. కుందులు తోమే రోజున చింతపండుతో దాన్నీ తోమితే మళ్లీ తళతళలాడుతుంది. పూత ఉన్నదానికి చింతపండు, పీతాంబరి తగలనివ్వకండి. పూత అక్కడక్కడా పోయి మచ్చలు పడితే మొత్తం గీకించడం తప్ప దారి లేదు. మెత్తటి పొడిగుడ్డ చాలు. నేను పూత లేనిదే తెచ్చాను, శుక్రవారం తోముకుంటాను.

స్నానాల గదిలో అద్దం కింది అరకు 304 స్టీలు లేదా మంచి ప్లాస్టిక్. అక్కడ తడికన్నా యాసిడ్ పెద్ద శత్రువు. నేల కడిగే యాసిడ్ ఆవిరి తగిలితే స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమరంగు చుక్కలు లేస్తాయి. యాసిడ్ సీసాను ఆ అరలోనే మూత వదులుగా పెట్టడం ఇంకా చెరుపు.

పిల్లల గదికి అంచులు గుండ్రంగా ఉన్న చెక్క నాబ్‌లు, ఒక్క స్క్రూతో కాకుండా వీలైతే రెండు స్క్రూలతో నిలిచేవి. ఒంటి స్క్రూ నాబ్ తిరిగి తిరిగి వదులై ఊడితే పసివాడి నోట్లోకి పోతుంది. సొరుగుల హ్యాండిళ్లను మెట్లలా చేసుకుని పిల్లలు పైకెక్కుతారు. కాబట్టి ఆ సొరుగుల పెట్టెను గోడకు బిగించడం మరవకండి. హాల్లో టీవీ కింది అరకు ఏదైనా సరే. నొక్కితే తెరుచుకునే రకం వేసుకోవాలనిపిస్తే ఇక్కడ వేసుకోండి.

బిగించే రోజున మేస్త్రి పక్కనే ఉండండి. రంధ్రాల దూరం ప్రతి తలుపుకూ టేపుతో కొలిస్తే ఒకటో రెండో వంకర పోతాయి. గట్టి శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని, తలుపు మూలకు ఆనించి, రెండు రంధ్రాల చోట్లూ గుచ్చి పెట్టుకుంటే అన్ని తలుపులకూ అదే కొలత. కింది అరల తలుపులకు హ్యాండిల్ పైమూలలో, గోడ అరలకు కిందిమూలలో, అంచు నుంచి రెండు రెండున్నర అంగుళాల లోపలికి పెడతాం. గుర్తు పెట్టేచోట కాగితపు టేపు అంటించి, బయటినుంచి లోపలికి డ్రిల్ చేయాలి. తలుపు వెనక ఒక పనికిరాని చెక్క ముక్క ఒత్తిపట్టుకుంటే సన్‌మైకా పెచ్చు లేవదు. మామూలు 4 మిల్లీమీటర్ల స్క్రూకు 5 మిల్లీమీటర్ల బిట్టు సరిపోతుంది.

స్క్రూ పొడవు దగ్గర మా ఇంట్లో ఒక పూట పోయింది. హ్యాండిల్‌తో పాటు వచ్చే స్క్రూ సాధారణంగా 25 మిల్లీమీటర్లు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, రెండువైపులా సన్‌మైకా కలిపి ఇరవై దాకా ఉండే తలుపుకు అది చాలు. సొరుగుకు లోపలి పెట్టె చెక్క, ముందు పలక రెండూ ఉంటాయి కాబట్టి 40 లేదా 45 మిల్లీమీటర్లవి విడిగా కొనాలి. అతి పొడవైతే ఇంకో తంటా. స్క్రూ బిగిసిపోయినట్టు ఉంటుంది, హ్యాండిల్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. స్క్రూ కొస రంధ్రం అడుగుకు తగిలిందన్నమాట. బలంగా తిప్పకండి, లోపలి మర తెగిపోతుంది. చిన్న వాషర్ వేస్తే సరిపోతుంది.

నెల తర్వాత ఒక ఆదివారం అన్నింటినీ చేతి స్క్రూడ్రైవరుతో ఒకసారి బిగించండి. కొత్త చెక్క ఆరి కాస్త వదులిస్తుంది. ప్రతి గది నమూనాలోనూ ఒకటి అదనంగా కొనండి. కొన్నాళ్లకు ఒకటి విరిగితే అదే నమూనా దొరుకుతుందనే నమ్మకం లేదు. దాన్ని స్క్రూలతో సహా కవరులో వేసి, కవరు మీద గది పేరు, రంధ్రాల దూరం, కొన్న తేదీ రాసి ఒకే డబ్బాలో పెట్టండి. మా డబ్బాలో ఇప్పుడు ఏడు కవర్లున్నాయి.